సముద్రం నీలం ఎక్కడిది? - సర్ సి.వి. రామన్ జీవితం

ఉదయగిరి కొండను మీరు చూచే ఉంటారు. ఆత్మకూరు దాటి వెళితే వచ్చే సోమశిల జలాశయమూ మీకు తెలిసినదే. మబ్బు కమ్మిన రాత్రి, ఆకాశంలోని ఒక ఉపగ్రహం రాడార్ తరంగాలు పంపి ఈ రెండింటి చిత్రం తీసిందనుకోండి. గాలి లేని వేళ సోమశిల నీరు నల్లగా కనబడుతుంది, ఉదయగిరి రాళ్లు తెల్లగా కనబడతాయి. నునుపైన నీరు తరంగాన్ని అద్దంలా అవతలికి పంపివేస్తుంది. గరుకు రాయి దానిని నలువైపులా చెదరగొడుతుంది, అందులో కొంత తిరిగి ఉపగ్రహాన్ని చేరుతుంది.

ఇలా చెదరడం గురించి జీవితమంతా ఆలోచించిన మనిషి సర్ సి.వి. రామన్. ఆయన పని రాడార్ మీద కాదు, వెలుగు మీద.

1888 నవంబరు 7న తిరుచిరాపల్లిలో పుట్టారు. తండ్రికి విశాఖపట్నం కళాశాలలో ఉద్యోగం రావడంతో పసితనంలోనే మన తెలుగు తీరానికి వచ్చారు. చదివింది ఎక్కడో తెలుసా? మన కతోలిక మిషనరీల సెయింట్ అలోషియస్ పాఠశాలలో! పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ పూర్తిచేశారు. తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల. 1907లో కలకత్తాలో ప్రభుత్వ అకౌంట్స్ శాఖలో పెద్ద ఉద్యోగం. పగలు లెక్కలు, ఉదయం సాయంత్రం బౌబజారు వీధిలోని పరిశోధనశాల. పదేళ్లు అలా గడిపి, 1917లో ఆ ఉద్యోగం వదలి బాగా తక్కువ జీతానికి ఆచార్య పదవిలో చేరారు. ఇంట్లో సంసారం ఉన్న మనిషి ఇలా చేయడం ఎంత కష్టమో మీలో జీతగాళ్లకు చెప్పనక్కరలేదు.

1921లో ఇంగ్లండు వెళ్లి ఓడలో తిరిగి వస్తున్నారు. మధ్యధరా సముద్రం ముదురు నీలంగా ఉన్నది. ఆ నీలం ఆకాశపు ప్రతిబింబమేనని అంతకుముందే లార్డ్ రేలీ చెప్పి ఉన్నారు. రేలీ అంటే నోబెల్ బహుమతి పొందిన మహా శాస్త్రవేత్త; ఆయన మాటను కాదనడం చిన్న సంగతి కాదు. రామన్ జేబులో నికల్ పట్టకం అనే చిన్న పరికరం ఉన్నది. తగిన కోణంలో దానిని పట్టి తిప్పితే నీటి పైపై మెరుపు ఆరిపోతుంది. మెరుపు ఆరినా నీలం పోలేదు, ఇంకా చిక్కనయింది! అంటే ఆ రంగు నీటి లోపలినుండే వస్తున్నది. నీటి అణువులే వెలుగును చెదరగొడుతున్నాయని రామన్ తేల్చారు. (నీరు ఎరుపు రంగును మింగివేయడం కూడా ఆ నీలానికి పెద్ద కారణమని నేడు మనకు తెలుసు.) తరువాత 1923లో హిమానీనదాల మంచు రంగు మీద కూడా వ్రాశారు.

పైనుండి వచ్చేదెంత, లోపలినుండి వచ్చేదెంత? నేడు ధ్రువ సముద్రాల మంచును రాడార్‌తో చూచేవారి చిక్కు కూడా ఇదే. కొత్తగా గడ్డకట్టిన మంచులో ఉప్పు ఎక్కువ. తరంగం లోతుకు పోలేదు, తిరిగివచ్చేది ఎక్కువగా గరుకైన పైభాగం నుండే. వేసవులు దాటిన ముదురు మంచులో ఉప్పు కారిపోయి గాలి బుడగలు మిగులుతాయి. తరంగం లోపలికి పోయి అక్కడ చెదరుతుంది. ఈ రెండింటినీ లెక్కకట్టి విడదీస్తేనే ఏది లేత మంచో, ఏది ముదురు మంచో ఓడలవారికి చెప్పగలరు. 2025 జూలై 30న శ్రీహరికోట నుండి ఎగిరిన నిసార్ ఉపగ్రహం చూచేవాటిలో ఈ మంచు కూడా ఒకటి. 2022 వరకు శ్రీహరికోట మన నెల్లూరు జిల్లాలోనే ఉండేది కదా!

ఓడ మీద మొదలైన అన్వేషణే 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితానికి దారితీసింది. శిష్యుడు కె.ఎస్. కృష్ణన్ శ్రమ అందులో చాలా ఉన్నది. 1930లో నోబెల్ బహుమతి వచ్చింది.

రామన్ మన మతస్థుడు కాదు, కర్మకాండలంటే ఆసక్తీ లేదు. ముక్కోపి అని కూడా పేరు. అయినా 1961లో పోపుగారి సైన్సు అకాడమీ ఆయనను సభ్యునిగా చేర్చుకున్నది. 1970 నవంబరు 21న బెంగళూరులో కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం తన పరిశోధన సంస్థ తోటలోనే దహనం చేశారు. ఆ చోట నాటినది ఒక చెట్టు.