వజ్రాల వర్తకుడు – సంఘపు పుస్తకము



చెరనుండి తిరిగివచ్చినవారిలో కొందరు తాము యాజకుల సంతతివారమని చెప్పుకొనిరి. వంశావళి గ్రంథమును వెదకగా వారి పేర్లు కనబడలేదు. అందువలన వారు యాజకత్వమునకు దూరమైరని ఎజ్రా రెండవ అధ్యాయములో చదువుచున్నాము. వ్రాసి ఉంచిన పేరు ఎంత విలువైనదో ఒక వజ్రాల వర్తకుని జీవితమువలన కూడ నేర్చుకొందము.

ఆయన పేరు టావెర్నియర్. 1605లో పారిస్ పట్టణమున జన్మించెను. తండ్రి గాబ్రియేలు ఆంట్వెర్పునుండి వచ్చి స్థిరపడిన ప్రొటెస్టెంటు. దేశపటముల పనిచేసి జీవించెను. ఫ్రాన్సు ప్రొటెస్టెంటులను హ్యూగెనోట్లని పిలిచెడివారు.

టావెర్నియర్ 1668లోగా ఆరుసార్లు తూర్పుదేశములకు ప్రయాణము చేసెను. మన మేడ్చల్, శామీర్‌పేట పొలములు కుతుబ్‌షాహీల యేలుబడిలోనున్న ఆ దినములలో ఆయన గోల్కొండకు వచ్చి, కృష్ణాతీరమందలి కొల్లూరు గనులను చూచెను. స్త్రీలు, పురుషులు, పిల్లలు కలిసి 60,000 మంది అచ్చట పనిచేయుచుండిరని వ్రాసెను. మన దేశమున కొన్న 112 కారట్ల నీలి వజ్రమును 1668లో పదునాలుగవ లూయీ రాజునకు అమ్మెను. మరుసటి యేట రాజు ఆయనను ప్రభువంశీయునిగా గౌరవించెను.

అదే రాజు 1685లో ప్రొటెస్టెంటుల ఆరాధనా స్వేచ్ఛను రద్దుచేసెను. ఆలయములు కూల్చబడెను, కాపరులు వెళ్లగొట్టబడిరి. లక్షకు పైగా విశ్వాసులు దేశము విడిచిపోయిరి. మిగిలినవారి కష్టము వేరు. కథోలిక గురువు పుస్తకములో వ్రాయబడని పెండ్లి చట్టము దృష్టికి పెండ్లియే కాదు. తలిదండ్రులు కన్నులయెదుట నున్నను బిడ్డ అక్రమ సంతానముగా ఎంచబడెను. అయినను కాపరులు కొండలలో, అడవులలో రహస్యముగా బాప్తిస్మములిచ్చి, ఆ పేర్లను పుస్తకములలో వ్రాసి దాచిరి. 1787లో గాని వారికి చట్టపు గుర్తింపు రాలేదు. నేడును ఇంగ్లాండు, దక్షిణాఫ్రికాలలోని హ్యూగెనోట్ల సంతతివారు తమ పితరులను పాత సంఘపు పుస్తకములలో వెదకుచున్నారు. పారిస్ పుస్తకములనేకము 1871 తిరుగుబాటు మంటలలో కాలిపోయెను.

టావెర్నియర్ ముసలితనమున, 1687లో పారిస్ విడిచి, తరువాత రష్యాకు బయలుదేరెను. 1689లో మరణించెను. ఎచ్చట మరణించెనో చాలకాలము తెలియలేదు, కోపెన్‌హేగెనని కొందరనిరి. 1876లో మాస్కో చెంతనున్న పాత ప్రొటెస్టెంటు శ్మశానములో ఆయన పేరుగల సమాధిరాయి బయటపడెను. రాజులకు వజ్రములమ్మిన వానికి తుదకు సాక్ష్యమిచ్చినది మామూలు రాయి.

ప్రియులారా, మన గ్రామసంఘములలో బాప్తిస్మపు పుస్తకము ఎక్కడనున్నది? పెట్టె అడుగున చెదలు పట్టుచున్నదా? తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ సరిగా వ్రాయుచున్నామా? మనుమడొకడు తన తాతను వెదకుచు రేపు వచ్చును. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట సంఘపెద్దలు ఆ పుస్తకమును తెరచి చూతురుగాక. జీవగ్రంథమందు మన పేర్లను భద్రపరచు దేవుడు, మన చేతికిచ్చిన ఈ చిన్న పుస్తకమును కాపాడుటకు మనకు శ్రద్ధ దయచేయును గాక. ఆమేన్.