గొలుసు పట్టిన చేతికి పాఠం చెప్పిన బార్బరా

1980లో బ్రిటన్‌లో బీబీసీ టీవీ ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో పాటల్లేవు, డ్యాన్సుల్లేవు. కొన్ని కుక్కలు, వాటిని పట్టుకున్న యజమానులు, మధ్యలో స్కర్టు, స్వెట్టరు వేసుకున్న డెబ్బై ఏళ్ల పెద్దావిడ. అంతే. ఆవిడ కుక్కల్ని ముద్దుచేస్తూ, యజమానుల్ని మాత్రం బడిపిల్లల్లా గదమాయిస్తుంటే జనం టీవీల ముందు నుంచి కదల్లేదు. కుక్కను నడకకు పిలవడానికి ఆవిడ సాగదీసి పలికే మాటను పిల్లలు, పెద్దలు అనుకరించేవాళ్లు. ఆవిడే బార్బరా వుడ్‌హౌస్.

మన పేజీలో కుక్కల పంతులమ్మ కథేమిటి అనుకోకండి. మేము గల్ఫ్‌లో బిల్డింగు పనులు చూసే సూపర్‌వైజర్లం. విల్లాల పనికి వెళ్లినప్పుడల్లా ఒక దృశ్యం కనిపిస్తూనే ఉంటుంది. డ్రైవరుగానో, తోటమాలిగానో, ఖద్దామాగానో వచ్చిన మన మనిషి చేతిలో ఒక గొలుసు, దాని చివర మనిషంత బరువున్న కుక్క. కాగితాల్లో రాసిన పని ఒకటి, అర్బాబు ఇంట్లో చేసే పని ఇంకొకటి. కుక్క లాగితే మనవాళ్లు కిందపడతారు, భుజం పడుతుంది, అరచెయ్యి కోసుకుపోతుంది. గొలుసు వదిలేద్దామంటే కుదరదు. ఎమిరేట్స్‌లో 2016 చట్టం ప్రకారం బయట కుక్కను గొలుసుతోనే నడిపించాలి. అది ఎవరి మీదైనా పడితే ముందు మాట పడేది మనవాడే. అందుకే ఈవిడ కథ మనకు అవసరం.

గుర్రాల దగ్గర తొలి పాఠం

బార్బరా 1910 మే 9న ఐర్లాండ్‌లో, డబ్లిన్ దగ్గరి రాత్‌ఫార్నమ్‌లో పుట్టారు. తండ్రి అక్కడ సెయింట్ కొలంబాస్ కాలేజీకి హెడ్మాస్టరు. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు ఆయన పోయారు. తల్లి పిల్లల్ని తీసుకుని ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ చేరింది. మొదటి నుంచీ బార్బరాకు బొమ్మల కన్నా జంతువుల మీదే ధ్యాస. పెద్దయ్యాక హార్పర్ ఆడమ్స్ వ్యవసాయ కాలేజీలో చేరారు. అక్కడ చదివేవాళ్లంతా మగవాళ్లే, ఆడపిల్ల ఈమె ఒక్కతే. ఆ కాలంలో అదేమీ చిన్న సంగతి కాదు.

తర్వాత ఓడెక్కి అర్జెంటీనా వెళ్లారు. పొట్టకూటికో, అనుభవానికో దేశం దాటడమంటే ఏమిటో మనకు తెలుసు. అక్కడి పెద్ద పెద్ద పశువుల క్షేత్రాల్లో ఆమె పని, ఎవరూ ఎక్కని గుర్రాలను మచ్చిక చేయడం. అక్కడివాళ్లు తాళ్లతో కట్టిపడేసి, కొట్టి లొంగదీసేవాళ్లు. బార్బరాకు ఆ పద్ధతి నచ్చలేదు. గుర్రం ముక్కు దగ్గర నిలబడి మెల్లగా ఊపిరి ఊదితే అది బెదురు మానేస్తుందని అక్కడి గ్వారనీ తెగ మనిషి దగ్గర నేర్చుకున్నానని తర్వాత రాసుకున్నారు. ఊపిరి సంగతి ఎలా ఉన్నా, ఆమెకు అక్కడ పట్టుబడింది ఒకటుంది. జంతువు దగ్గరికి వెళ్లే మనిషిలో భయం, కోపం ఉంటే అది ముందే కనిపెట్టేస్తుంది.

ఇంగ్లండ్ తిరిగొచ్చాక 1940లో డాక్టర్ మైకేల్ వుడ్‌హౌస్‌ను పెళ్లి చేసుకున్నారు. ముగ్గురు పిల్లలు. ఇంట్లో ఆవులు, గుర్రాలు, దూడంత ఎత్తుండే గ్రేట్ డేన్ కుక్కలు. జూనో అనే కుక్క సినిమాల్లో కూడా కనిపించింది. 1954లో జంతువులతో తన జీవితం గురించి పుస్తకం రాశారు. ఊళ్లలో కుక్కలకు క్లాసులు పెట్టి ఏళ్ల తరబడి నడిపారు. పేరు మాత్రం డెబ్బైకి దగ్గరపడ్డాకే వచ్చింది.

తప్పు ఎవరిది?

ఆమె వాదన ఒక్కటే. చెడ్డ కుక్కలు బహు తక్కువ, చేతగాని యజమానులే ఎక్కువ. 1980ల్లో అమెరికాలో కూడా బాగా అమ్ముడైన ఆమె పుస్తకం పేరులోనే ఆ మాట ఉంది. కుక్క లాగుతోందంటే దానికి లాగడం మనమే నేర్పామన్నమాట. అది లాగుతుంది, మనం వెనకాలే పోతాం. లాగితే దారి దొరుకుతుందని దానికి అర్థమవుతుంది. రేపు ఇంకా గట్టిగా లాగుతుంది.

ఇంతవరకు ఆమె మాట నేటికీ చెల్లుతుంది. చెల్లనిది ఆమె పనిముట్టు. బార్బరా వాడింది చోక్ చైన్, అంటే లాగితే మెడకు బిగుసుకునే గొలుసు. వెడల్పు కడియాలుండాలి, ఒక్క గుంజు గుంజి వెంటనే వదిలెయ్యాలి, ఆ వెంటనే మెచ్చుకోవాలి అని ఆమె నియమం. ఆమె చెయ్యి అనుభవమున్న చెయ్యి. చూసి నేర్చుకున్నవాళ్ల చేతులు అలాంటివి కావు. గుంజడమే వచ్చింది, వదలడం రాలేదు. మెడ మీద ఒత్తిడి పడితే శ్వాసనాళం దెబ్బతినొచ్చు, కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. కొందరు పశువైద్యులు, శిక్షకులు ఆ పద్ధతిని తప్పుపట్టారు.

విచిత్రమేమిటంటే, జవాబు ఆమె మొదట పనిచేసిన గుర్రాల దగ్గరే ఉంది. గుర్రాన్ని మెడకు తాడేసి ఎవరూ నడిపించరు, తల దగ్గర పట్టుకుంటారు. మన ఊళ్లో దూడకు మెడలో పలుపు వేస్తాం. అదే ఎద్దయ్యాక ముకుతాడు కావాలి. తల ఎటు తిరిగితే ఒళ్లు అటు తిరుగుతుంది. ఈ సూత్రంతోనే బ్రిటన్‌లో రోజర్ మగ్‌ఫర్డ్ హాల్టీని, అమెరికాలో పశువైద్యుడు ఆర్.కె. ఆండర్సన్, శిక్షకురాలు రూత్ ఫోస్టర్ కలిసి జెంటిల్ లీడర్‌ను తెచ్చారు. బార్బరా టీవీలో వెలుగుతున్న దశాబ్దంలోనే ఈ హెడ్ కాలర్లు జనంలోకి వచ్చాయి.

హెడ్ కాలర్ ఎలా వాడాలి?

ఇది ముకుతాడులా గుచ్చేది కాదు, చిక్కంలా నోరు మూసేదీ కాదు. రెండు మెత్తటి పట్టీలుంటాయి. ఒకటి చెవుల వెనక, మెడ పైభాగాన. రెండోది మూతి మీదుగా. గొలుసు గడ్డం కింద తగిలిస్తారు. కుక్క ముందుకు లాగితే దాని తల పక్కకు తిరుగుతుంది, లాగే బలం పోతుంది. అది నోరు తెరవొచ్చు, నీళ్లు తాగొచ్చు, వగర్చొచ్చు. గల్ఫ్ ఎండల్లో ఇది ముఖ్యం. కుక్క ఒంటి వేడి తగ్గేది ఎక్కువగా వగర్చడం వల్లే.

మొదటి రోజే తొడిగి బయటికి తీసుకెళ్లొద్దు. మూతి పట్టీని చేత్తో పట్టుకుని అవతలి వైపు తినడానికి ఏదైనా చూపిస్తే అదే మూతి దూరుస్తుంది. రోజూ కొన్ని నిమిషాలు, కొన్ని రోజుల పాటు ఇదే చెయ్యాలి. మెడ పట్టీ కింద ఒక వేలు దూరితే చాలు. మూతి పట్టీ ముక్కు మెత్తటి భాగం దాకా జరగాలి గాని ఊడిపోకూడదు. మొదట్లో పంజాతో గీరుకుంటుంది. అప్పుడు విప్పేస్తే గీరితే ఊడుతుందని నేర్చుకుంటుంది. తిండి చూపించి రెండడుగులు నడిపించాలి.

ఒకటి మాత్రం మరవొద్దు. దీంతో గుంజకూడదు. తల హఠాత్తుగా తిరిగితే మెడ పట్టేస్తుంది. సాగి ముడుచుకునే పొడుగు లీషు వద్దు, పొట్టిదే మేలు. దీన్ని తగిలించి కుక్కను కట్టేయకూడదు. పగ్ లాంటి చప్పిడి మూతి కుక్కలకు ఇది నిలవదు. వాటికి ఛాతీ దగ్గర కొక్కెం ఉండే హార్నెస్ అడగండి. కుక్క లాగితే ఆగండి. గొలుసు వదులైతే నడవండి, ఓ ముక్క పెట్టండి. లాగితే దారి దొరకదని దానికి తెలియాలి. నేల మీద అరచెయ్యి ఆనించి చూడండి, మీకు కాలితే దాని పాదాలకూ కాలుతుంది.

బార్బరా 1988 జులైలో కన్నుమూశారు. ఆమె గొలుసును చాలామంది శిక్షకులు పక్కనపెట్టేశారు. ఆమె మాత్రం మరుగున పడలేదు. ఎందుకంటే ఆమె గదమాయించింది కుక్కను కాదు, యజమానిని. మన చేతికి గొలుసు ఇచ్చేవాళ్లు ఆ మాట వింటే మంచిది. కుక్క మీది, అలవాటు మీ ఇంట్లోది, పనిముట్టు మీరే కొనివ్వాలి అని అర్బాబును మర్యాదగా అడగడానికి మనవాళ్లు జంకనక్కర్లేదు. పెట్ షాపుల్లో హెడ్ కాలరంటే తెలుస్తుంది. కుక్కను వెంట తీసుకెళ్లి కొలత చూసి కొనమనండి. నడిపించేది ఎవరైతే వాళ్లే తొడగడం నేర్చుకోవాలి. కాబట్టి ఆ రోజు మీరూ వెళ్లండి.