కణం గుట్టు విప్పిన భీమవరం వైద్యుడు

పంజాగుట్ట: నిమ్స్ ఆస్పత్రి పరిసరాల్లోనూ, అమీర్‌పేట దారిలోనూ ఉన్న మందుల దుకాణాలకు వచ్చే చీటీల్లో రెండు పేర్లు తరచుగా పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి మెథోట్రెక్సేట్, మరొకటి ఫోలిక్ యాసిడ్. కీళ్లవాత రోగులకు మొదటి మాత్రను సాధారణంగా వారానికి ఒక్కసారే వేసుకోవాలని, దాని దుష్ఫలితాలు తగ్గేందుకు రెండోదాన్ని విడిగా వాడాలని వైద్యులు రాస్తారు. ఒకటి కణానికి అవసరమైన విటమిన్ కాగా, రెండోది ఆ విటమిన్ పనిని అడ్డగించే మందు. పరస్పర విరుద్ధమైన ఈ రెండింటి చరిత్రా ఒకే తెలుగు శాస్త్రవేత్త నడిపిన పరిశోధనశాల గుండా సాగింది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో 1895 జనవరి 12న సుబ్బారావు జన్మించారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్యంతో ఆయన ముందుగానే ఉద్యోగం వీడటంతో కుటుంబం ఇబ్బందుల పాలైంది. సుబ్బారావు మెట్రిక్యులేషన్ గట్టెక్కింది మూడో ప్రయత్నంలో. మద్రాసు వైద్య కళాశాలలో చదువు మిత్రుల సాయంతోనూ, తర్వాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆదరణతోనూ సాగింది. గాంధీజీ పిలుపు మేరకు శస్త్రచికిత్స గదిలోనూ ఖద్దరు దుస్తులే ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఆ రోజుల్లోనే ఇంట మరో విషాదం సంభవించింది. స్ప్రూ అనే సంగ్రహణి వ్యాధితో అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాలో కన్నుమూశారు. తిన్న ఆహారం ఒంటబట్టక, రక్తం క్షీణించి మనిషి కృశించిపోయే జబ్బు అది. దానికి కారణం గానీ, మందు గానీ నాటి వైద్యులకు తెలియదు. సుబ్బారావు కూడా అదే వ్యాధి బారిన పడి, ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారని జీవితకథకులు పేర్కొంటారు. కొంతకాలం ఆయన మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. మామగారి సాయానికి కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ విరాళం తోడుకాగా 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ చేరారు.

కండరంలో దాగిన ఇంధనం

పొట్టకూటికి ఆస్పత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పనికి సైతం వెనుదీయలేదు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే వద్ద చేరి, రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. 1925లో వెలువడిన ఈ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి దశాబ్దాల పాటు ప్రపంచవ్యాప్తంగా ప్రయోగశాలల్లో వాడుకలో ఉంది. ఈ కొలతే ఆ తర్వాతి ఆవిష్కరణలకు తాళంచెవి అయింది. కండరం పనిచేసినప్పుడు తరిగి, విశ్రాంతిలో తిరిగి పెరిగే ఫాస్ఫోక్రియాటిన్‌ను వారు 1927లో ప్రకటించారు. ఇంగ్లండులోనూ అదే ఏడాది ఈ పదార్థాన్ని గుర్తించారు. కండరాల శక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న అప్పటి సిద్ధాంతం దీంతో బీటలు వారింది. ఆ సిద్ధాంతంతో ముడిపడిన పరిశోధనలకు 1922 నోబెల్ బహుమతి దక్కి ఉండటం గమనార్హం. 1929లో, జర్మనీకి చెందిన కార్ల్ లోమన్‌తో దాదాపు ఏకకాలంలో, ఏటీపీని వేరుచేశారు. జీవకణంలో జరిగే పనులకు నాణెంలా చెలామణి అయ్యే శక్తి పదార్థం ఇదే.

ఇంత సాధించినా హార్వర్డ్‌లో శాశ్వత ఆచార్య పదవి దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ఔషధ సంస్థలో చేరి, అనతికాలంలోనే పరిశోధన విభాగానికి సారథి అయ్యారు.

విటమిన్‌ను తిరగేసి ఔషధం

గర్భిణుల్లో వచ్చే ఒక రకం రక్తహీనత ఈస్ట్ సారంతో నయమవుతుందని బొంబాయిలో పనిచేసిన లూసీ విల్స్ 1931లోనే వెల్లడించారు. అందులోని గుణం ఫోలిక్ ఆమ్లానిదేనని తర్వాత తేలింది. కాలేయం నుంచి చిటికెడు పదార్థం రాబట్టడమే గగనమైన దశలో, సుబ్బారావు బృందం 1945 నాటికి దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ రోగులకు కూడా అది ఉపకరించింది.

కొత్త కణం పుట్టాలంటే డీఎన్ఏ తయారు కావాలి. ఫోలిక్ ఆమ్లం లేనిదే ఆ పని సాగదు. బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన చిన్నారులకు ఫోలిక్ ఆమ్ల సంబంధిత పదార్థాలు ఇచ్చినప్పుడు వ్యాధి తగ్గకపోగా మరింత వేగం పుంజుకున్నట్లు కనిపించింది. పోషకం అందితే విజృంభించే కణం, అది అందకపోతే చావాలి కదా! సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటూనే కణాన్ని మోసగించే నకిలీ అణువులను తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ను 16 మంది చిన్నారులకు ఇవ్వగా 10 మందిలో మెరుగుదల కనిపించిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ ఊరట తాత్కాలికమే. వ్యాధి మళ్లీ తిరగబెట్టింది. అయినా అంతవరకు కొద్ది వారాల్లో ప్రాణం తీసే జబ్బు మందుకు లొంగడం అపూర్వం.

అదే కోవలో పుట్టిన మెథోట్రెక్సేట్ 1950వ దశకంలో గర్భసంచిలో మాయ నుంచి పుట్టే కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌ను పూర్తిగా నయం చేసి చూపింది. తక్కువ మోతాదులో రోగనిరోధక కణాల ఉద్ధృతిని తగ్గించి కీళ్లవాతానికీ మందయింది. ఎముక మజ్జలోని ఆరోగ్యకర కణాలు కూడా వేగంగానే విభజన చెందుతాయి కనుక, వారానికి వేయాల్సిన మాత్రను పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాంతకం కావచ్చు. చీటీ మీద వారం పేరు రాయించుకోవడం అందుకే అవసరం.

బోదకాలుకు వాడే డైఇథైల్‌కార్బమజైన్ కూడా ఆయన సారథ్యంలో 1947లో వెలువడినదే. 1948లో వచ్చిన ఆరియోమైసిన్‌ను కనుగొన్నది వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్. అయితే ఆ పరిశోధన సాగింది సుబ్బారావు విభాగంలోనే. నోబెల్ దక్కలేదన్న చింత తెలుగునాట తరచూ వినిపిస్తుంది గానీ, ఆయన పేరు ప్రధాన రచయితగా లేని పత్రాల్లోనే ఆయన కృషి ఎక్కువగా దాగి ఉందన్న సంగతి పెద్దగా చర్చకు రాదు.

ఫార్బర్ ప్రకటన వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, న్యూయార్క్‌లోని తన నివాసంలో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన చిత్రంతో బిళ్ల విడుదల చేసింది. స్వదేశంలో పుట్టిన కుమారుడు పసితనంలోనే మరణించాడు. 1922లో బయలుదేరినప్పుడు ఇక్కడే ఉండిపోయిన భార్య శేషగిరిని ఆ 26 ఏళ్లలో ఆయన మళ్లీ చూడలేదు.