రాజా రామమోహనరాయలవారి ఆంగ్లదేశ రాయబారము

సహగమన నిషేధమునకై రాజా రామమోహనరాయలవారు చేసిన కృషి మన పాఠకు లెరిగినదే. వారు తమ జీవితమునందలి కడపటి సంవత్సరములను పరదేశమున రాయబారిగా గడపిరను సంగతిని మాత్రము, ఎరిగినవారును ఒక ముచ్చటగా చెప్పుకొని విడిచిపెట్టుదురు. ఆ రాయబార మెట్టిదో, అందు వారు పడిన పాట్లెట్టివో కొంత వివరముగా తెలుపుట అవసరమని తోచినది.

1803వ సంవత్సరమున ఇంగ్లీషు సేనలు ఢిల్లీని పట్టుకొన్న పిదప మొగలు పాదుషాకు బిరుదమును కోటయు మాత్రమే మిగిలెను. రాజకుటుంబ పోషణమునకై యమునకు పడమట నున్న భూములు కొన్ని యేర్పరుపబడెను. ఆ భూములపై నాదాయము పెరిగినను తనకు ముట్టు భరణము తదనుగుణముగా పెరుగలేదని రెండవ అక్బరుషా మొర. కలకత్తాలో దానిని వినువారు లేకపోగా, ఆయన ఇంగ్లండు రాజుతోనే చెప్పుకొనదలచి, 1829లో రాయలవారికి రాజా బిరుదమొసగి తన రాయబారిగా నియమించెను. పారసీక భాషా ప్రౌఢిమయు, మొగలాయి మర్యాదల పరిచయమును, ఇంగ్లీషున వాదింపగల నేర్పును ఒక్కనియందే యుండుట ఆ కాలమున నరుదు. విజ్ఞాపనపత్రమును రాయలవారే రచించిరి. అది నాలుగవ జార్జి పేరిట వ్రాయబడినది. 1830 జూనులో ఆ రాజు గతించెను.

కుంపిణీ ప్రభుత్వమువారు బిరుదమును గాని రాయబారమును గాని అంగీకరింపలేదు. అంతట రాయలవారు సామాన్య వ్యక్తిగానే పోవుదునని తెలిపి, పెంపుడు కుమారుడు రాజారాముతోను పరిచారకులతోను 1830 నవంబరులో ఆల్బియన్ అను నోడ నెక్కిరి. సముద్రయానమువలన కులము చెడునని పెద్దలు భయపెట్టు దినములవి. 1831 ఏప్రిల్ 8వ తేదీని లివర్‌పూలు రేవున దిగి, కొలది దినములకు లండను చేరిరి.

అచ్చట జరిగినది విచిత్రము. బిరుదమును ఒప్పుకొనని కుంపిణీ డైరెక్టర్లే ఆ జూలై నెలలో వారికి విందు చేసిరి. వృద్ధుడైన బెంథాము వంటి తత్త్వవేత్త వారి పరిచయమును కోరెను. సెప్టెంబరు 8వ తేదీని జరిగిన నాలుగవ విలియము పట్టాభిషేకమున వారికి పరదేశ రాయబారుల నడుమ పీఠ మేర్పరుపబడెను. అయినను విందులు వేరు, వ్యవహారము వేరు. పాదుషా మొర కచేరీనుండి కచేరీకి తిరుగుచునే యుండెను.

1833లో కుంపిణీవారి పట్టాను పునరుద్ధరింపవలసియున్నందున, పార్లమెంటువారి యుపసంఘము హిందూదేశ పరిపాలనమును విచారించుచుండెను. రాయలవారు శిస్తులను గూర్చియు, న్యాయస్థానములను గూర్చియు, ప్రజల స్థితిని గూర్చియు దానికి వ్రాతమూలముగా సమాధానములిచ్చిరి. కుంపిణీవారి దయనపేక్షించి వచ్చిన రాయబారి వారి పాలనలోని లోపములను వారి యింటనే బయటపెట్టుట యెంత సాహసమో యోచింపుడు. లౌక్యము తెలిసినవాడు పాదుషా పని తీరువరకు పెదవి మెదపకుండెడివాడు.

ఆ సమాధానములు మన మండలములకును సంబంధించినవే. వంగదేశమున 1793లోను, మన ఉత్తర సర్కారులలో 1802 మొదలుకొనియు శాశ్వత పైసలా ఏర్పడెను; దత్తమండలములందు రైత్వారీ నడచెను. జమీందారీ పద్ధతియందు జమీందారుల యాశవలనను, చెన్నపురి రాజధానిలోని రైత్వారీయందు సర్కారు నౌకర్ల నిర్బంధములవలనను, రెండుచోట్లను రైతు నలుగుచున్నాడని రాయలవారు స్పష్టపరచిరి. రైతుపై శిస్తును ఇకముందు హెచ్చింపరాదనియు, జమీందారు కట్టు పేష్కషును తగ్గించి ఆ మేరకు రైతు శిస్తును తగ్గింపవలెననియు, అందువలని లోటును విలాసవస్తువులపై పన్నులచేతను, హెచ్చు జీతముల దొరలకు మారుగా దేశీయులను కలెక్టర్లుగా నియమించుటచేతను పూరింపవచ్చుననియు వారి సూచన. చెప్పినవారు తామే భూస్వాములు. మన జమీందారులలో నెందరు ఇట్టి సాక్ష్యమిచ్చియుందురు?

గుణవంతులును ధనవంతులునగు ఐరోపీయులు మన దేశమున స్థిరపడిన మేలగునని వారన్నమాట మాత్రము మాకు సమ్మతము గాదు. నీలిమందు తోటల దొరలచేత వంగదేశపు రైతులు పడిన బాధ 1859, 1860 సంవత్సరముల తిరుగుబాటువలన లోకమునకు తెల్లమయ్యెను.

1832 జూలైలో, సహగమన నిషేధమును రద్దుచేయవలెనని పూర్వాచారపరులు తెచ్చిన అప్పీలును ప్రీవీ కౌన్సిలువారు త్రోసివేసిరి. విచారణ జరుగునప్పుడు రాయలవారచ్చటనే యుండిరి. ఆ శరత్కాలమున వారు ఫ్రాన్సునకుపోయి లూయీ ఫిలిప్పు రాజుచేత సత్కరింపబడిరి. ఆ దేశమున ప్రవేశించుటకు అనుమతి పత్రము కావలసియుండుటను వారు మొదటనే ఆక్షేపించి, ఫ్రెంచి మంత్రికొక లేఖ వ్రాసియుండిరి. రెండు రాజ్యముల నడుమ తగవు పుట్టినప్పుడు ఇరుప్రక్కల పార్లమెంటులనుండి సమసంఖ్యాకులగు సభ్యులు కూడి దానిని తీర్చవలెనని అందు సూచించిరి. ఇట్టి యోచన ఐరోపా రాజ్యముల రాయబారులకే యప్పటికి అరుదు.

ఇంతలో ద్రవ్యపుటిబ్బంది ముంచుకొని వచ్చెను. కలకత్తాలో గొప్ప వర్తకసంస్థలు దివాలా తీయగా సొమ్ము రాక నిలిచిపోయెను. గౌరవమునకు తగిన ఇల్లును బండియు నుంచుకొనక తప్పదు. అప్పు చేయకయు తప్పలేదు. దేహము సడలెను. తుదకు 1833లో పాదుషా భరణమును ఏటికి మూడు లక్షల రూపాయలు హెచ్చించుటకు కుంపిణీవారు సమ్మతించిరి. కాని తక్కిన హక్కులన్నిటిని వదలుకొనవలెనని షరతు విధించిరి. అది ఢిల్లీలో రుచింపలేదు. 1837లో అక్బరుషా గతించునాటికిని ఆ వ్యవహారము తెమలలేదు.

రాయలవారు 1833 సెప్టెంబరులో విశ్రాంతికై బ్రిస్టలు నగర సమీపమునకు పోయి, అచ్చట జ్వరపీడితులై 27వ తేదీని దేహము చాలించిరి. వారి మేనిపై యజ్ఞోపవీత మట్లే యుండెను. క్రైస్తవ శ్మశానమున పూడ్చినచో స్వదేశమున తమ కుమారుల వారసత్వమునకు భంగము కలుగునేమోయని ముందే చెప్పియుండుటచేత, అక్టోబరు 18వ తేదీని తామున్న యింటి తోటలోనే చెట్లక్రింద నిశ్శబ్దముగా సమాధి చేసిరి. పదేండ్లకు, అనగా 1843లో, ద్వారకానాథ ఠాకూరుగారు ఆ శరీరమును ఆర్నోస్ వేల్ శ్మశానమునకు మార్పించి, హిందూదేశపు శిల్పరీతి నొక మంటపమును కట్టించిరి.