శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్

శ్రీమతి దుర్గాబాయి గారు 1909 జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. కాకినాడలో బాల్యమందే హిందీ నేర్చుకొని, పాండిత్యము కుదురు వరకు ఆగక, వచ్చిన కొద్దిపాటి విద్యతోనే స్త్రీలకు పాఠశాల తెరచిరి. ఇతరులకు చెప్పుచుండగా తమకును చదువు గట్టిపడెను, సంకోచము తొలగెను.

1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభ జరిగెను. పదునాలుగేండ్ల ఆ బాలిక ఖాదీ ప్రదర్శన ద్వారమున నిలిచి, టిక్కెట్టు లేని జవహర్‌లాల్ నెహ్రూ గారిని ఆపివేసెను. టిక్కెట్టు కొన్న పిమ్మటనే లోనికి విడిచెను.

ఉప్పు సత్యాగ్రహ కాలమున కారాగారవాసము చేసి, విడుదలయిన పిదప మెట్రిక్యులేషను మొదలుకొని చదివి, 1942లో న్యాయశాస్త్ర పట్టము పొందిరి. చదువు ముగియకముందే, 1937లో మద్రాసున ఆంధ్ర మహిళా సభను నెలకొల్పిరి. రాజ్యాంగ పరిషత్తులో సభ్యురాలై, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ప్రథమాధ్యక్షురాలైరి. 1981లో కాలధర్మము చెందిరి.

దుకాణము తెరచి కూర్చున్న వానికే బేరము పట్టుబడునని వర్తకులెరుగుదురు. ఆడపిల్లలకు ధైర్యమును అట్లే, పని అప్పగించినప్పుడే అలవడును.