హెన్రీ మాడ్స్లే

ఇంగ్లాండు దేశమున నాడు లండను నగరమునకు చేరువనుండిన వూల్విచ్‌లో 1771వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన హెన్రీ మాడ్స్లే జన్మించెను. ఆ ఊర నాడు ప్రభుత్వ ఆయుధాగార మొకటి ఉండెను. హెన్రీ తన 12వ యేటనే అందు తూటాలలో మందు కూరు పనిలో చేరెను. పిమ్మట ఆతనిని వడ్రంగిశాలకు పంపిరి. కాని బాలుని మనస్సు కమ్మరిశాలపైననే ఉండెడిది. 15వ యేట ఆ కోరిక తీరెను. అచిరకాలముననే ఆతని పనితనము నలుగురి నోట పడెను.

జోసెఫ్ బ్రామా అను తాళముల నిర్మాత 18 ఏండ్ల మాడ్స్లేను లండనుకు పిలిపించుకొనెను. బ్రామా తాళములు మిక్కిలి చిక్కైనవి. వాని భాగములను చేతితో చేయుట కష్టము. మాడ్స్లే ఆ భాగములను చేయు యంత్రములనే నిర్మించి యిచ్చి, కర్మశాలకు పెద్ద పనివాడయ్యెను. బిడ్డలు గలవాడై, వారమునకు 30 షిల్లింగుల జీతమును పెంచుమని కోరగా యజమాని నిరాకరించెను. 1797లో ఆతడు కొలువు వీడి, సొంతముగా చిన్న కర్మశాల పెట్టుకొనెను.

ఆ కాలమున మరచుట్లను పెక్కుచోట్ల చేతి నేర్పుతోనే కోసెడివారు. ఒక బోల్టునకు చేసిన నట్టు మరియొక దానికి పట్టదు. యంత్రమును విప్పునపుడు ఏ నట్టు దేనిదో గురుతు పెట్టుకొనవలసి యుండెను. మాడ్స్లే తన తరిమెనలో ఉలిని చేతితో పట్టక, ఇనుప పీఠమున బిగించెను. పొడవైన మర యొకటి తిరుగుచు ఆ పీఠమును సమముగా నడిపించెను. అంతట ఒకే తీరు మరలు వెలువడసాగెను.

అయితే ఇందొక చిక్కు కలదు. పీఠమును నడుపు మరలో లోపమున్నచో, దానివలన పుట్టిన ప్రతి మరయు ఆ లోపమునే మోయును. యంత్రమునకు వివేకము లేదు. ఒప్పును ఎంత శ్రద్ధగా చేయునో తప్పును అంత శ్రద్ధగానే చేయును. కావున మాడ్స్లే మూలమగు మరను సరిదిద్దుటకు ఎంతయో శ్రమించెను.

తప్పును దిద్దవలెనన్న ముందు దానిని కొలువవలెను గదా! అందులకై ఆతడొక సాధనమును చేసెను. దాని మరకు అంగుళమునకు 100 చుట్లు. చక్రముపై 100 గీతలు. చక్రము ఒక గీత తిరిగినచో మర అంగుళములో పదివేలవ వంతు కదలును. ఆ దేశపు ఉన్నత న్యాయాధికారి పేరిట దానికి లార్డ్ ఛాన్సలర్ అని పేరిడిరి. కొలతల వివాదమున దానిదే తుది తీర్పు.

1802 మొదలు 1808 వరకు, మార్క్ బ్రూనెల్ కల్పన ననుసరించి, పోర్ట్స్‌మత్ నౌకాస్థానమునకై ఓడల కప్పీలు చేయు యంత్రములను మాడ్స్లే నిర్మించెను. 110 మంది పనివారు చేయు పనిని వాని సాయమున 10 మంది చేయగలిగిరి. జేమ్స్ నాస్మిత్, జోసెఫ్ విట్‌వర్త్ మున్నగు యంత్రశిల్పులు ఆతని కర్మశాలలోనే పని నేర్చిరి. 1831 ఫిబ్రవరి 14న మాడ్స్లే గతించెను.

నేడు లోహమును కోయు పెక్కు యంత్రములను కంప్యూటరు నడుపుచున్నది. ఉలి లోహమును తాకకమునుపే దాని నడకను తెరపై నడిపి చూచి, తప్పులను కనిపెట్టుదురు. యంత్రపు మరలోని లోపములను ముందే కొలిచి కంప్యూటరునకు తెలిపినచో, అది అడుగడుగున ఉలి స్థానమును సవరించును. సాధనములు మారినవి, తప్పు పదింతలు కాకమునుపే మూలమున దిద్దవలెనను మాడ్స్లే మార్గము మాత్రము మారలేదు.