సొరచెట్టు మాట, సంఘము బాధ



దైవసేవకుల ప్రసంగాలను అచ్చుకు సిద్ధం చేసేటప్పుడు అలవాటులేని మాట ఎదురైతే, దానిని మార్చాలా, అలాగే ఉంచాలా? ఈ ప్రశ్న వచ్చినప్పుడెల్లా మేము జెరోమ్ భక్తుని తలచుకుంటాము.

నాలుగవ శతాబ్దము మధ్యకాలంలో స్ట్రిడోను అనే ఊరిలో పుట్టిన జెరోమ్ రోమాలో చదువుకున్నారు. తరువాత బిషప్పు దమాసు కోరిక మేరకు లాటిను సువార్తలను గ్రీకు ప్రతులతో పోల్చి సరిచేశారు. 386లో బేత్లెహేములో స్థిరపడ్డారు. యూదుల దగ్గర హెబ్రీ నేర్చుకొని, పాత నిబంధనను మూలభాషలోనుండి లాటినులోనికి అనువదించారు.

యోనా గ్రంథము 4వ అధ్యాయములో, ప్రవక్తకు నీడనిచ్చిన మొక్క దగ్గర చిక్కు వచ్చింది. మన తెలుగు బైబిలులో ఉన్నట్టే, పాత లాటినులోనూ అది సొరచెట్టు. హెబ్రీలో ఉన్న మాట మాత్రం కీకాయోను. వెడల్పాటి ఆకులతో, త్వరగా ఎదిగి, తన కాండము మీదనే నిలబడే మొక్క అని జెరోమ్ వర్ణించారు. అది ఆముదపు చెట్టేనని చాలామంది పండితుల అభిప్రాయము. లాటినులో దానికి పేరు లేదని జెరోమ్ అన్నారు. హెబ్రీ మాటనే ఉంచితే ఎవరికీ అర్థము కాదు. అందుచేత, పూర్వపు గ్రీకు అనువాదకుని అనుసరించి, ఐవీ అనే తీగ పేరు పెట్టారు.

ఓయాలో, అంటే నేటి లిబియాలోని ట్రిపోలిలో, ఈ కొత్త అనువాదము చదవగానే సంఘములో అలజడి రేగింది. తరతరాలుగా విన్న మాట మారిపోయిందని జనులు కలతచెందారు. సంఘము తనను విడిచిపోతుందేమోనని బిషప్పు పాత మాటనే తిరిగి పెట్టవలసి వచ్చింది. 403లో అగస్టీను ఈ సంగతి జెరోమ్‌కు వ్రాశారు. మరుసటి ఏట జెరోమ్ తన కారణాలు వివరిస్తూ జవాబిచ్చారు. 420లో బేత్లెహేములోనే కన్నుమూశారు.

ఇందులో మేము గమనించినది ఒకటుంది. ఆ మాటకు వివరణను జెరోమ్ 396లోనే యోనా వ్యాఖ్యానములో వ్రాశారు. కాని సంఘము వినేది వ్యాఖ్యానము కాదు, పాఠము. మాట మారినట్టు వారికి తెలిసింది, ఎందుకు మారిందో తెలియలేదు. కాబట్టి బోధకుని అరుదైన మాటను మేము తుడిచివేయము, దాని ప్రక్కనే రెండు ముక్కల్లో అర్థము చెబుతాము. చదువరులారా, కొత్త మాట వినబడినప్పుడు మీరూ కోపపడకముందే కారణము అడగండి. సేవకులారా, వారు అడగకముందే చెప్పండి.